తొమ్మిదో కాగితం

"ఫ్లెక్సీ కోసం ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఎందుకు పోవాలె? మనింట్లనే అయితది," అంటూ బాలరాజు తన చిన్న ప్రింటర్ ముందు కూర్చున్నాడు. కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్ పెద్ద పోస్టర్‌ను తొమ్మిది ముక్కలు చేసి, మామూలు కాగితాల మీద ఒక్కొక్కటే అచ్చు వేస్తోంది.

భార్య స్వాతి వాటిని వరుసగా అట్టకు అంటిస్తోంది. పై వరుస నిండా అక్షరాలే. దాని కింద నల్ల కళ్లద్దాలతో బాలరాజు, చేతులు కట్టుకుని తమ్ముళ్లు. అడుగున నవ్వుతూ దండం పెడుతున్న నాయకుడికి రెండు కాగితాలు పట్టాయి. ఆయన స్థాయి అలాంటిది.

తొమ్మిదో కాగితానికి ఇంకు అయిపోయింది.

స్వాతి మూలన మిగిలిన ఖాళీని చూపించింది. "ఇంకు తెచ్చేదాంక ఆగుదమా?"

బాలరాజు వెనక్కి జరిగి పోస్టర్‌ను తృప్తిగా చూసుకున్నాడు. "ఎందుకు? మనోళ్లందరు మంచిగ వచ్చిండ్రు. గా ఒక్క ముక్కను ఎవరు చూస్తరు?"

"రేపు అవ్వ దినాలు. గా ముక్కల ఉన్నదే అవ్వ."

"అవ్వ మొఖం ఊరందరికి ఎరుకే గదా," అంటూ బాలరాజు, పైన కొంచెం వంకరగా అంటిన 'కన్నీటి నివాళి'ని సరిచేశాడు.