ఆయనగారి పరీక్ష

సోమవారం కావడంతో మతిమరుపు డాక్టరు గది ముందు జనం కిటకిటలాడుతున్నారు. దొరికిన ఒక్క కుర్చీలో మొగుణ్ణి కుదేసి, టీచరమ్మ కాపలా పోలీసులా పక్కన నిలబడింది.

"తెలిస్తే చెప్పండి. తెలీకపోతే నా వంక చూడండి. బిత్తర చూపులు మాత్రం చూడకండి."

"అలాగే టీచరమ్మా," అన్నాడాయన బుద్ధిమంతుడిలా.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. క్లాసులో ఒక్కడు తప్పినా తన పరువు గంగలో కలిసినట్టే. అలాంటిది ఇంట్లో మనిషికే బుర్ర పనిచెయ్యకపోతే?

పనిచెయ్యడం లేదనడానికి సాక్ష్యాలు బోలెడు. తాళంచెవి పంచదార డబ్బాలో తేలింది. పొయ్యి వెలుగుతూనే ఉంటోంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. ఒకసారి వేసింది తనేనని ఆవిడకి బాగా గుర్తు. మరి రెండోసారి వేసిందెవరు?

అడిగితే, "నేనేనేమోలే," అని నవ్వుతాడు. అదో నవ్వు.

పైగా కొత్త వేషాలు. బాత్రూం తలుపు మీద 'బాత్రూం' అని పెద్దక్షరాలతో రాసి అంటించాడు. సొంతింట్లో బాత్రూం ఎక్కడుందో కూడా మర్చిపోయాడన్నమాట! ఎవరైనా గడప తొక్కితే చాలు, "ఇదిగో, మన చిన్నమ్మాయి వచ్చింది! మీ తమ్ముడొచ్చాడు!" అని గావుకేక. బస్సు కండక్టరుగా స్టాపుల పేర్లు అరిచీ అరిచీ అరిగిన గొంతు మరి. ఎక్కడ మర్చిపోతాడో అని పైకి వల్లె వేసుకుంటున్నాడని ఆవిడ ఇట్టే పసిగట్టింది. ఇక తను వీధి చివర కొట్టుకి బయల్దేరితే తోకలా వెంటే వస్తాడు. ఒక్కడూ ఇంట్లో ఉండలేడు పాపం.

పైకి తిడుతుంది గానీ ఆవిడకి లోపల చచ్చేంత భయం. ఇన్నేళ్ళ కాపురం. రేపొద్దున తననే చూసి, "ఎవరండీ మీరు?" అంటే? అందుకే ఇవాళ ఈయన్ని ఎలాగైనా పాస్ చేయించి ఇంటికి తీసుకెళ్ళాలి.

లోపల ఉన్నది కుర్ర డాక్టరు. "మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. గొడుగు, రాయి, నిమ్మకాయ," అన్నాడు. ఆ వెంటనే, "ఇవాళ ఏ వారం?"

ఆయన ఫ్యాను వంక చూశాడు. "వారమా... వారం అంటే..."

ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"శుక్రవారం!" అని అందించేసింది టీచరమ్మ.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా," అన్నాడు డాక్టరు మాటవరసకి.

"చెప్పే మొహమే అయితే నేనెందుకు నోరు విప్పుతాను నాయనా? నువ్వు కానియ్."

వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటే ఆయన చొక్కా గుండీలు సవరించుకున్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ ఆవిడే గడగడా దూసుకుపోయింది. గడియారం బొమ్మ వెయ్యమంటే పెన్సిలు ఎప్పుడూ చూడనట్టు చూశాడు. ఆవిడ విసుక్కుని లాక్కుంది. అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి, ఎక్కంలా పొందిగ్గా పేర్చి పెట్టింది.

"ఇందాక చెప్పిన మూడు మాటలు?"

ఆయన గడ్డం గోక్కున్నాడు.

"గొడుగు, తాళంచెవి, పుచ్చకాయ!" అంది టీచరమ్మ, తొడ కొట్టినంత పని చేసి.

ఆయన తల దించుకున్నాడు. డాక్టరు ఇంక చాలన్నాడు.

"పాసేనా నాయనా?"

"మీరు కాస్త బయట కూర్చోండమ్మా. చెప్తాను."

ఫెయిలైతే ఆ మాట మొహాన్నే చెప్పరని ఆవిడకి తెలియంది కాదు. అయినా బయటపడకుండా మొగుడి భుజం తట్టి, "బెంగపడకండి, నేనున్నాగా," అని చెప్పి వెళ్ళింది.

తలుపు మూసుకోగానే ఆయన, "గొడుగు, రాయి, నిమ్మకాయ," అని తడుముకోకుండా అప్పజెప్పి, కళ్ళు తుడుచుకుంటూ, "పరీక్ష తనకని తెలిస్తే చచ్చినా వచ్చేది కాదు డాక్టరుగారూ, అందుకే నాకని చెప్పి తీసుకొచ్చాను," అన్నాడు.