రై లేన్‌లో సోదా

"ఆగు. చేతులు కనపడేలా పెట్టు."

ఎబుకా ఆగాడు. రెండు చేతులూ పక్కలకి చాపాడు. పద్నాలుగో ఏటి నుంచీ అలవాటే, ఒకరు నేర్పక్కర్లేదు. ఇప్పుడు ఇరవై మూడు.

లండన్‌లో, పెకమ్ రై లేన్‌లో మధ్యాహ్నం మూడు దాటింది. ఇద్దరు పోలీసులు అతన్ని కోడిమాంసం కొట్టు గోడకి ఆనించి నిలబెట్టారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. నల్ల జాకెట్ వేసుకున్న కుర్రాడెవడో కత్తి పెట్టుకుని తిరుగుతున్నాడని కబురొచ్చిందట. ఎబుకా ఒంటి మీద ఉన్నది ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. జాకెట్ లేకపోయినా ఒంటి నలుపు సరిపోయినట్టుంది వాళ్లకి.

"ఎక్కడికి?" అన్నాడు పొడుగువాడు.

"పనికి సార్. హోటల్లో వంటపని. నాలుగింటికల్లా అక్కడుండాలి. ఇవాళ చేయించి చూసి, నచ్చితే పెట్టుకుంటారు."

"అయితే కదలకుండా నిలబడు. తొందరగా అయిపోతుంది."

తొందరగా ఎప్పుడూ అవదు. పోయిన నెల ఇలాగే ఆపి, స్టేషన్‌కి తీసుకెళ్లి, నాలుగు గంటలు కూర్చోబెట్టి పంపేశారు. అప్పటికి ఆ రోజు వెళ్లాల్సిన హోటల్ వాళ్లు వేరేవాణ్ణి పెట్టేసుకున్నారు. ఇదీ పోతే మళ్లీ గిడ్డంగిలో పెట్టెలు మోసే బతుకే.

పొట్టివాడు జేబులు తిరగేశాడు. బూట్లు విప్పించాడు. సాక్సుల్లో వేళ్లు పెట్టి చూశాడు. దారినపోయేవాళ్లు చూసీ చూడనట్టు తప్పుకుంటున్నారు. ఎబుకాకి ఒళ్లు మండిపోతోంది. నోరెత్తితే మళ్లీ నాలుగు గంటలు. బోనులో పడ్డ ఎలకైనా అటూ ఇటూ తిరుగుతుంది, తనకి ఆ వీలు కూడా లేదు.

ఇంతలో చక్రాల సంచీ లాక్కుంటూ ఓ తెల్లావిడ వచ్చి సరిగ్గా వాళ్ల పక్కనే ఆగింది. డెబ్బై ఏళ్లుంటాయి.

"బాగా వెతకండి బాబూ," అంది. "వీళ్ల మూలానే కదా, ముసలిదాన్ని, వీధిలోకి రావాలంటే గుండె దడ."

ఎబుకా తల దించుకున్నాడు. ఈవిడ నోరు మూసుకుని తన దారిన తను పోతే చాలని మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఆవిడ పోలేదు. రోజులు పాడైపోయాయని, తన మొగుడు బతికున్న కాలంలో ఈ వీధి ఇలా ఉండేది కాదని ఏకరువు పెట్టింది. పొడుగువాడు అవునమ్మా, అవునమ్మా అంటూ మర్యాదగా విన్నాడు.

పక్కనే ఉన్న స్టాపులోకి బస్సు వచ్చింది. పొడుగువాడు చటుక్కున ఆవిడ సంచీ అందుకున్నాడు.

"ఏం మోస్తున్నారమ్మా, ఇంత బరువుంది?"

"బంగాళాదుంపలు నాయనా. నువ్వు చల్లగా ఉండాలి."

ఎబుకా ఆ సంచీ మీంచి చూపు తిప్పలేదు. ఆవిడ సంచీకి అంత మర్యాద, తన సాక్సులకి ఇంత పరీక్ష. పోలీసు చేతుల మీదుగా సంచీ బస్సెక్కింది, వెనకే ఆవిడా ఎక్కింది.

సోదా చేసినట్టు కాగితం రాసిచ్చి అతన్ని వదిలేసరికి మూడున్నర దాటింది. తర్వాతి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. అయినా తోసుకుంటూ ఎక్కాడు. దిగింది మొదలు పరుగే. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

హోటల్ వెనక సందులోకి వచ్చేసరికి నాలుగుకి మూడు నిమిషాలుంది.

వంటింటి గుమ్మం పక్కన అప్పటికే వచ్చి నిలబడ్డ అతని పక్కింటి డోరీన్ ఆంటీ అదే చక్రాల సంచీ తెరిచి, దుంపల కింద నుంచి, వంటవాళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాల్సిన కత్తుల మూట బయటికి తీసి, అతని చేతికిస్తూ, "ఇవాళ మరీ ఎక్కువ తిట్టానా నాయనా?" అంది.