శంఖుపువ్వు రంగు

“ఒక్క యూనిట్ కరెంటు కోసం బొగ్గు కాలిస్తే దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది,” అంటూ హార్తాతి టీచర్ బోర్డు మీద సమీకరణం రాసింది.

“అయితే టీచర్, మా నాన్న టీవీ పెట్టుకుని గురక పెట్టినంతసేపూ భూమి వేడెక్కుతున్నట్టేగా?” అన్నాడు వెనక బెంచీ రిద్వాన్.

ఎవరూ నవ్వలేదు. గుమ్మంలో మస్నియా నిలబడి ఉంది. చేతిలో నీళ్ల సీసా.

ఇండోనేషియాలోని సమరిందా ఊరి శివార్లలో, బొగ్గు తవ్వుకుని కంపెనీ వదిలేసిపోయిన గోతిలో ఆమె కూతురు రహ్మి మునిగిపోయింది. పదకొండేళ్ల పిల్ల. ఇవాళ ఏడో రోజు ప్రార్థనలు. మస్నియా నది దిగువన ప్లైవుడ్ మిల్లులో పనిచేస్తుంది. నెలకోసారి ఇంటికొస్తుంది.

“రా అక్కా,” అంటూ హార్తాతి ఎదురెళ్లి, గోడవైపు వీపు ఉండేలా కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“మా పిల్ల ఈతకని దిగిందట టీచరమ్మా! కంపెనీవాళ్లు అలా రాసుకుపోయారు. తేట నీళ్లు కనబడితే ఆగేది కాదు, నిజమే. ఆ గోతిలో దిగుతుందా? తుప్పు నీళ్లు. పోయినేడు కాలు పెడితేనే మోకాలిదాకా బొబ్బలెక్కింది. అటు చూస్తేనే వణికేది. జారిపడి ఉంటుంది, ఆ విషమే దాన్ని చంపింది. ఇవి ఆ గోతి నీళ్లే, పరీక్ష చేసి, సంతకం పెట్టివ్వండి. పోలీసులు నా మాట వినరు, మీ మాట వింటారు.”

హార్తాతి ఎండిన శంఖుపూల కషాయం తీసింది. బొగ్గు గోతి నీళ్లలో విషమంటే ఆమ్లమే; ఆ పులుపు తగిలితే ఇది ఎర్రబడుతుంది. నాలుగు చుక్కలు సీసాలో వేసింది.

నీలంగానే ఉండిపోయింది.

“విషం లేదక్కా,” అంది.

మస్నియా గభాల్న లేచింది. “అంటే నా బిడ్డ పోయాక సున్నం పోసి విషం విరిచేశారన్నమాట! దొంగ సచ్చినోళ్లు! అదే రాయండి.”

క్లాసులో ముప్పై రెండు తలలూ వంగిపోయాయి. ముందు బెంచీలో నూర్జన్నా వెక్కిళ్లు పెట్టింది. “చెప్పేయండి టీచర్. మీరు చెప్పకపోతే నేనే చెప్పేస్తా.”

“చూశారా? ఈ పిల్లకున్న గుండె మీకు లేకపోయిందే! కంపెనీ అంటే అంత భయమా?”

హార్తాతి కలం తీసింది.

మస్నియా వెనక గోడ మీద, సైన్సు పోటీలో ప్రథమ బహుమతి తెచ్చిన ప్రాజెక్టు ఫొటోలో, రెండు నెలల కిందట అదే గోతి గట్టున ఈ ముప్పై రెండు మంది చేతా తుప్పు నీళ్లు తేటపడాలని సున్నం బస్తాలు గుమ్మరింపిస్తూ హార్తాతి నవ్వుతోంది.