గోడ మీద అరవై రెండు

"ఎనభై నాలుగు!"

అప్పుడే పుట్టిన దూడను ఎత్తుకుని కాటా మీద నిలబడ్డ పెద్దాయన ముల్లు చూసి చదివాడు.

ఆవుల షెడ్డు నడిపే ఆమె గోడ వైపు చూసింది. అతను పనిలో చేరిన రోజు ఒట్టి చేతులతో కాటా ఎక్కించి, సుద్దముక్కతో ఆమే రాసిన అంకె: 62. మనిషి బరువు తీసేస్తే మిగిలేది దూడ బరువు.

"ఇరవై రెండు" అని పుస్తకంలో రాసుకుంది. మనసు చివుక్కుమంది.

ఏడాది కిందట ఈ షెడ్డులో పుట్టిన దూడ ఏదీ ముప్ఫైకి తగ్గేది కాదు. ఇప్పుడు నెలనెలకీ బరువు పడిపోతోంది. చూడి ఆవులకు తమ్ముడు దాణా ఎగ్గొడుతున్నాడని ఆమె అనుమానం. రెండు నెలలుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.

పెద్దాయన దూడను గడ్డి మీద దించి, ముక్కు తుడిచాడు. మోకాళ్ల దాకా వేలాడే షెడ్డు కోటుతో గోడకు ఆనుకుని ఆయాసపడ్డాడు.

"బలమైన దూడమ్మా."

"ఇరవై రెండు కిలోలకి బలమేంటి పెద్దాయనా! మీరు మరీనూ."

అంతలో తమ్ముడు విసురుగా లోపలికొచ్చాడు. చేతిలో పక్క షెడ్డువాళ్ల కొక్కెం కాటా.

"ఇవాళ తేలిపోవాలక్కా."

దూడను గోనెపట్టాలో వేసి దూలానికి వేలాడదీశాడు.

ముప్ఫై ఒకటి.

"చాలా? ఇంకోసారి తూచమంటావా?" తమ్ముడు ముల్లు ఆమె వైపు తిప్పాడు. "దాణాదొంగనన్నావు కదక్కా నన్ను."

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. ఏడాదిగా 'మీరు' అన్న మనిషిని మొదటిసారి 'నువ్వు' అంది.

"నీ మాట నమ్మి సొంత తమ్ముణ్ణి దూరం చేసుకున్నాను. ఎవరు చదివిస్తున్నారు నీతో ఈ దొంగ లెక్కలు?"

"ముల్లు చూపించిందే చదివానమ్మా."

"ఇంకా బొంకుతున్నావా! వెళ్లిపో."

పెద్దాయన కోటు మీద కట్టుకున్న షెడ్డు బెల్టు విప్పి మేకుకు తగిలించాడు. దూడ తల ఒకసారి నిమిరి బయటికి నడిచాడు.

వారం తర్వాత ఇంకో ఆవు ఈనింది. ఈసారి దూడను ఎత్తడానికి తమ్ముడు బెల్టు అందుకున్నాడు.

"ఇన్ని చిల్లులేంటక్కా దీనికి! మా చిన్నదాని నడుముకైనా సరిపోతుంది."

నవ్వుతూనే ఆమె బెల్టు చేతిలోకి తీసుకుంది.

అసలు చిల్లులు అయిపోయాక, మేకుతో పొడిచినవి మరో ఆరు. ఒకదాని తర్వాత ఒకటి, లోపలికి, ఇంకా లోపలికి. చివరిదాని అంచులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

ఆమె నవ్వు ఆగిపోయింది. గోడ మీద సుద్ద అంకె ఏడాదిగా అలాగే ఉంది.

ఎనభై నాలుగులోంచి ముప్ఫై ఒకటి తీసేసింది. యాభై మూడు.

"పెద్దాయన ఉండేదెక్కడరా?"

"ఏమో. మనమెప్పుడైనా అడిగామా?"

ఏడాదిగా ఆ కాటా మీద తరిగిపోతూ వచ్చింది దూడలు కాదు, వాటిని గుండెకు హత్తుకుని నిలబడ్డ మనిషి.