ఆపమన్న కరెంటు

“దీన్ని ఆపేయండి డాక్టరమ్మా. ఇప్పుడే, ఇక్కడే!”

పాటాయన చొక్కా గుండీలు తెంచినంత పని చేశాడు. కుడి భుజానికి కాస్త కింద, ఛాతీ మీద చర్మం లోపల అగ్గిపెట్టెంత పరికరం ఉబ్బెత్తుగా కనబడుతోంది. దాని నుంచి ఒక తీగ మెడలోని నరం దాకా పోతుంది. నీరసించిన గుండెకు ఊరట కోసం ఆ నరాన్ని కరెంటుతో తట్టి లేపుతుందనీ, గొంతు కొంత మారవచ్చనీ అమర్చిన రోజునే చెప్పారు.

కొంత కాదు, మొత్తం మారింది. ఆయన కూరగాయల మండీలో వేలంపాట పాడేవాడు. ఆ గొంతు ఇప్పుడు పక్క బస్తా దాకా పోవడం లేదు.

“నిన్న నోరు తెరిస్తే, ‘మామా, బావిలోంచి పాడుతున్నావా?’ అన్నాడొకడు. మండీ అంతా నవ్వింది. రేపటి నుంచి నా స్టూలు మీద మా బావమరిది కూర్చుంటాడట. వాడికి టమాటాకీ తొక్కుడుబిళ్లకీ తేడా తెలీదు!”

“మధ్యలో మా తమ్ముణ్ణి ఎందుకు ఆడిపోసుకుంటారు?” అంది భార్య. “ఈయన మాట వినకండమ్మా. అప్పుడు రెండు మెట్లెక్కితే కూలబడేవారు. ఇప్పుడు నామీద అరవడానికి మేడ మీదికి వస్తున్నారు.”

“అరవడానికి గొంతేదే?”

డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. “ఇది పెట్టినవాళ్లలో చాలామందికి గొంతు బొంగురుపోతుందండీ. ఓర్చుకోవాలి.”

ఇన్నాళ్లూ ఓర్చుకుంటూనే వచ్చాడు. కారణం తెలిసిన బాధ సగం బాధే. గుటక పడకపోయినా, చెవి దాకా పోటు పాకినా, ‘కరెంటు వచ్చింది’ అనుకుని సర్దుకున్నాడు. కానీ ఆ కారణం ఆయన స్టూలును కాపాడలేదు.

“పాట పోయాక నేనెవర్నండీ?”

“నా మొగుడు,” అంది భార్య. “అది చాలదా?”

ఆయన ఆమె వైపు చూడలేదు. డాక్టరమ్మ వైపు చేతులు జోడించాడు.

“ఇది ఇంకా పరిశోధనలో ఉన్న వైద్యం. పైవాళ్లు ఒప్పుకుంటేనే ఆపగలను,” అని ఆమె ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. విషయం చెప్పింది. తర్వాత చాలాసేపు విన్నది. తిరిగి వచ్చి కూర్చుంది.

“ఆపడానికేమీ లేదండీ. చేరేటప్పుడు చెప్పాం, గుర్తుందా? అందరికీ పరికరం పెడతాం, సగం మందికి మాత్రం ఏడాదిపాటు కరెంటు ఇవ్వం. ఎవరికి ఇస్తున్నారో మాక్కూడా చెప్పరు. మీకు ఇంతవరకూ ఇవ్వలేదట. ఒక్కసారి కూడా.”

పాటాయన బొంగురు గొంతుతోనే పగలబడి నవ్వాడు. “విన్నావుటే! ఇన్నాళ్లూ ఉత్త డబ్బా మోశాను. మాత్రలతోనే నిలబడ్డానన్నమాట. నా గుండె గట్టిదే!”

భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తానూ నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. లేచి వచ్చి, కోత మచ్చ లేని ఎడమవైపు ఆయన మెడ మీద వేళ్లు ఆనించి, నెమ్మదిగా కిందికి జరిపింది. ఒకచోట ఆ వేళ్లు ఆగిపోయాయి.

“ఈ గడ్డ ఎప్పటి నుంచి ఉంది?”