హ్యాండిల్‌కు కట్టిన చీటీ

ఇంకో అరచుట్టు తిప్పితే వర్క్‌షాప్ బల్లకున్న వైస్ ఇనుప దవడల్లో ఇరుక్కున్న మెకానిక్ వేళ్లు నుజ్జయిపోతాయి. టెస్ట్ రైడర్ దాని పిడి వదల్లేదు.

“లారీ కింద పడి నా తమ్ముడు ఆపరేషన్ బల్ల మీదున్నాడురా! కొత్త ఆరువందల సీసీ బండికి బ్రేకెందుకు పడలేదు?”

“అవి రేసు బ్రేకు ప్యాడ్లన్నా! ట్రాక్‌కి రెడీ చెయ్యమన్నారని వేశాను. బాగా వేడెక్కితేగానీ పట్టవు.”

“మరి వాడు రోడ్డెక్కుతుంటే నీ నోరేమైంది?”

“నేను భోజనానికెళ్లాను. ‘ప్యాడ్లు మార్చేదాకా రోడ్డెక్కించొద్దు’ అని ఎర్రచీటీ రాసి, హ్యాండిల్‌కి కట్టే వెళ్లాను!”

“అబద్ధం!”

పిడి తిరిగింది. ఎముక చిట్లిన చప్పుడు మెకానిక్ అరుపులో కలిసిపోయింది.

“అబద్ధం కాదండీ. ఆపండి!”

రైడర్ భార్య ఆస్పత్రి నుంచి పరుగున వచ్చింది. మరిది రక్తం ఆమె చేతుల మీద ఇంకా ఆరలేదు.

“మధ్యాహ్నం ఫోటోలు తీసింది నేనే కదా. చీటీ అడ్డమొస్తోందని మీరే చదవకుండా పీకి పారేశారు. ఆ తర్వాతే తాళం మరిది చేతికిచ్చి, ‘ట్రాక్ మీద అదిరిందిరా, రోడ్డు మీదెలా ఉందో నువ్వు చూసి చెప్పు’ అన్నారు.”

రైడర్ వైస్ వదులు చేశాడు. మెకానిక్ తన నలిగిన చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

ఆమె ఫోన్ అందించింది. “పోలీసులు. ఎవరి మీద కేసు రాయాలని అడుగుతున్నారు.”

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“నా మీదే రాసుకోండి సార్. నా తమ్ముణ్ణి లారీ కిందికి తోసింది నేనే.”