పక్కకు పడ్డ యాభై

"ముందు నీ ఏడు తరాల తాతల పేర్లు చెప్పు," అన్నాడు తొక్తార్, పిల్లనడగడానికి వచ్చినవాణ్ని కనీసం కూర్చోమనకుండా.

ఎల్దోస్ నిలబడే, గుక్క తిప్పుకోకుండా ఏడు పేర్లూ అప్పజెప్పాడు. ఒక్కటీ వీళ్ల వంశంలో కలవలేదు. చుట్టరికం వంకతో వద్దనే దారి అలా మూసుకుపోవడంతో తొక్తార్ మొహం మాడిపోయింది. ఆయన కూతురు జనార్ నవ్వాపుకుంటూ అతన్ని కూర్చోబెట్టి టీ పోయసాగింది.

తల్లి కుల్పాష్ ఈ పెళ్లికి ఎప్పుడో సరేనంది. తేలాల్సింది తండ్రి దగ్గరే. అల్మాటీలో నాణేలు పోగుచేసేవాళ్ల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ప్రతి ఆదివారం పార్కులో మడతబల్ల వేసుకుని కూర్చుంటాడు. వంకర నాణేలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. టంకశాలలోనే అచ్చు తప్పి పుట్టిన ఖరీదైనదేదో, ఆ తర్వాత ఎవడో సుత్తితో బాది చెడగొట్టిందేదో చూసి చెప్పి, చీటీ రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాక ఇంకెవరూ నోరెత్తరు.

"అసలుకీ నకిలీకీ తేడా తెలియనివాడికి నా పిల్లనివ్వను," అని ఏడాదిగా ఒకటే పాట. అది తెలుసు కాబట్టే ఎల్దోస్ ఉత్త చేతులతో రాలేదు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెల పళ్లెం పక్కన పెట్టాడు.

"ఏమిటిది, ఎవరిదైనా పన్నా?" అన్నాడు తొక్తార్. ఎల్దోస్ పళ్ల డాక్టరు.

"నాణెం, మామయ్యగారూ."

"ఎవరయ్యా నీకు మామయ్య?"

"నాణెం, బాబాయ్‌గారూ."

యాభై తెంగేల నాణెం. అంకె పక్కకు జరిగి సగమే పడింది. మిగతా చోట నెలవంకంత బోడి. తొక్తార్ ఒక కన్ను మూసి చూశాడు. కన్ను నాణెం మీద ఎంతసేపుందో అబ్బాయి మీదా అంతసేపు ఉంది.

"బాగా చూడు నాన్నా," అంది జనార్. "భూతద్దం తెస్తాను. త్రాసు కూడా తెస్తాను. తొందరేం లేదు."

"త్రాసెందుకే! పళ్లు అరగదీసే మిషను చేతిలో ఉన్నవాడికి నాణెం అరగదీయడం ఒక లెక్కా?"

అయినా తూచాడు. ఉండాల్సినంత బరువే ఉంది. వెంట్రుకవాసి తగ్గలేదు.

"చూశారా!" అంది కుల్పాష్ ఆశగా.

"చూశాను. అరగదీయలేదు, నొక్కేశారు. నొక్కితే బరువెక్కడికి పోతుంది? ఈ మధ్య దొంగలు కూడా చదువుకుంటున్నారు." భూతద్దం కింద పెట్టి, ఆదివారం పార్కులో చెప్పినట్టే గొంతు పెంచాడు. "టంకశాలలో పొరపాటు పడితే అచ్చు తగలని చోట బిళ్ల పుట్టినప్పటి చర్మం అలాగే ఉంటుంది. ఇక్కడ చూడండి, నలిగి చచ్చింది. అంకె అంచు చూడండి. లోహం పాకలేదు, చితికింది."

"మీకలా కనిపిస్తోందేమో," అంది కుల్పాష్. "ఆయనకి నాణేల మీద ప్రేమంతా చేతికొచ్చేదాకానే బాబూ. వచ్చేదాకా నిద్రపోరు, వచ్చాక తిరిగి చూడరు. నా విషయంలోనూ అంతే."

"నువ్వూరుకో! ఎక్కడిదబ్బాయ్ ఇది?"

ఎల్దోస్ జనార్ వైపు చూశాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు. జనార్‌కి వాడు నచ్చిందే అందుకు. ఈ ఇంట్లోంచి వాడు ఇవాళ తలవంచుకుని వెళ్లిపోతే తను తట్టుకోలేదు.

"నాణేలు పోగుచేసే ఒక పెద్దమనిషి ఇంట్లోది," అంది తనే. "ఆయన దీన్ని అసలైనదనే నమ్మాడు."

"ఎవడే ఆ గుడ్డోడు? మా సంఘంలోవాడైతే రేపే పేరు కొట్టేస్తాను!"

ఎల్దోస్‌కి టీ కొరబోయింది. కుల్పాష్ వీపు తట్టింది.

తొక్తార్ నాణేన్ని పళ్లెం వైపు విసురుగా తోశాడు. "అబ్బాయ్, దీన్ని చెడగొట్టినవాడు దొంగ. నమ్మి తెచ్చినవాడు వెర్రివెంగళప్ప. నువ్వు ఇద్దరిలో ఎవరైనా సరే, నాకు అల్లుడివి కావు. జనార్, అతనికి కప్పు నిండా పొయ్యి."

ఆ ఊళ్లో అతిథికి పోసే టీకి ఒక లెక్కుంది. కప్పులో మూడు గుక్కలే పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే తాగి లేవమని.

"ఏమిటండీ ఆ మాట! ఇంటికొచ్చిన పిల్లాణ్ని!" అంది కుల్పాష్.

ఎల్దోస్ చెవులదాకా ఎర్రబడ్డాడు. జనార్ కెటిల్ వంచలేదు.

"పోస్తాను నాన్నా. కానీ ఉత్త నోటిమాట మీద ఎవరినీ తిప్పి పంపకూడదంటావుగా. చీటీ రాసివ్వు."

"రాస్తాను. నాకేం భయమా?"

చొక్కా జేబులోంచి చీటీల పుస్తకం తీశాడు. కళ్లజోడు సర్దుకుని, ఒక్కో మాటా పైకి చదువుతూ రాశాడు. "యాభై తెంగేలు. టంకశాల పొరపాటు కాదు. కావాలని చెడగొట్టినది. విలువ సున్నా." కింద సంతకం, తేదీ. పైన ముద్ర కూడా గుద్దాడు.

"మళ్లీ మాట మార్చవుగా నాన్నా?"

"ముప్పై ఏళ్లలో ఒక్కసారి మార్చానా?"

జనార్ చీటీని అందుకుని, సిరా ఆరేదాకా మెల్లగా ఊదింది.

"అయితే నాన్నా, ఈ చీటీని ఎక్కడ పెట్టమంటావు, పొద్దున నేను ఈ నాణెం తీసిన నీ ఆల్బమ్‌లోనే, 'అచ్చమైన టంకశాల పొరపాటు' అని నువ్వు సంతకం పెట్టిన పాత చీటీ పక్కనేనా?"